నాలుగు చక్రాలకీ ముప్పై నాలుగు

టైర్లక్క పనికి వంక పెట్టినవాళ్లు ఆ వీధిలో లేరు. పెట్టాలనుకున్నవాళ్లు ఉన్నారేమో గానీ ఆవిడ నోటికి జడిసి ఊరుకున్నారు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. యాభై రెండేళ్లు వచ్చినా లారీ చక్రాన్ని ఒంటిచేత్తో దొర్లించుకుంటూ వచ్చేస్తుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఆయన పక్కన నిలబడి పానాలు అందించింది. ఆయన పోయిన నెలకు అవే పానాలు తీసుకుని తనే షట్టరు ఎత్తింది. ఆడమనిషి బిగించిన చక్రం ఎంతదూరం పోతుందోనని మొదట్లో నసిగినవాళ్లే ఏడాది తిరిగేసరికి, అక్క బిగిస్తే గానీ బండి కదపమంటూ షాపు ముందు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆవిడకొక పట్టింపు ఉంది. ఏ బండికి గాలి పెట్టినా ఎంత పెట్టిందో పైకి చెబుతుంది. బండి ఎవరిదో వాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. "ముందు ముప్పై మూడు, వెనక ముప్పై ఆరు. ఏదీ, చెప్పండి" అంటుంది. చెప్పేదాకా తాళం చేతికివ్వదు. సూటూ బూటూ వేసుకున్న ఆఫీసర్లు కూడా ఎక్కం అప్పజెప్పే పిల్లల్లా నిలబడి ఆ అంకెలు అప్పజెప్పి పోవలసిందే. మీ బండి కాళ్లలో ఏముందో మీకు తెలియాలి గానీ నాకు తెలిసి ఏం లాభం అనేది ఆవిడ వాదం.

అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్న ఆరున్నరకు, ఎవరికీ చెప్పకుండా, ఎవరిచేతా చెప్పించుకోకుండా, ఒక బండి టైర్లలోంచి గాలి తీసింది. ఆ బండి తోలేది స్వయానా ఆవిడ కోడలు.

అత్తలేని కోడలుత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అన్నారు పెద్దలు. ఈ ఇంట్లో అత్తా ఉంది, కోడలూ ఉంది, ఇద్దరిదీ చక్రాల బతుకే. కోడలు ఒక పరుపుల ఫ్యాక్టరీలో వ్యాన్ డ్రైవరు. నిలువెత్తు మనిషి లోపల నిటారుగా నిలబడగలిగేంత ఎత్తున్న వ్యాను అది. రోజూ దాన్నిండా పరుపులు నింపుకుని, నది మీది పొడుగు వంతెన దాటి, అవతలి ఒడ్డున ఉన్న షాపులకు చేరవేస్తుంది. ఎనిమిదేళ్లుగా అదే పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఇప్పుడు ఆరో నెల.

తోలడం మానెయ్యమని అత్త రెండు నెలలుగా పోరుతోంది.

"డాక్టరమ్మ తోలొచ్చనే చెప్పింది అత్తయ్యా. ఎనిమిదో నెలలో ఆపమంది" అనేది కోడలు.

"డాక్టరమ్మకేం, గదిలో కూర్చుని ఎన్నయినా చెబుతుంది. మన రోడ్డు మీద తోలి చూడమను."

"ఒంట్లో బాగోలేకపోతే నేనే చెబుతానుగా."

"చెబుతావు. నువ్వా? మొండిఘటానివి."

కొడుకు ఈ గొడవ జరిగినంతసేపూ తలొంచుకుని భోంచేసేవాడు. ఎటు మొగ్గినా తనకే చేటని అతనికి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒకసారి మొగ్గి చూశాడు కూడా.

ముందురోజు సాయంత్రం కోడలు ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇవాళ గుంతలు ప్రాణం తీశాయి" అంది. అని, వెంటనే నాలిక్కరుచుకుంది. అత్త ఆ మాట విననట్టే పక్కగదిలోకి వెళ్లిపోయింది. ఆవిడ విననట్టు ఉందంటే ఏదో తలపెట్టిందని అర్థం. పాపం, కోడలికి అంత దూరం తోచలేదు.

పొద్దున్నే వ్యాను షాపు ముందు నిలబడి ఉంది. ముందు చక్రాల్లో నలభై ఎనిమిది, వెనక చక్రాల్లో యాభై నాలుగు. రాయిలా ఉన్నాయి టైర్లు. ఇంత గట్టిగా ఉంటే ప్రతి గుంతా పిల్ల నడుముకు తగలదూ అనుకుంది ఆవిడ. మోసేది పరుపులు. పదహారు పరుపులూ కలిపితే పట్టుమని నాలుగు వందల కిలోలుండవు. ఈ మాత్రం బరువుకు అంత గాలి ఎందుకు? ఆ ఆలోచనలో కొంత నిజం లేకపోలేదు. మూడో నాలుగో పాయింట్లు తగ్గించి ఉంటే ఎవరూ తప్పు పట్టరు. ఆవిడ అక్కడ ఆగలేదు. వంగి, ఒక్కొక్క చక్రం దగ్గరా కూర్చుని, నాలుగింటినీ ముప్పై నాలుగుకు దించేసింది. చూపుకు తేడా తెలియదు. పాత బండి కనక గాలి తగ్గితే వెలిగే దీపం కూడా అందులో లేదు.

ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీ నుంచి కోడలే ఫోన్ చేసింది.

"రోడ్డు బాగు చేశారా ఏంటి అత్తయ్యా? ఇవాళ కుదుపులే లేవు."

"ఏమో, చేశారేమో" అని ఫోను పెట్టేసి, టైర్లక్క తనలో తనే నవ్వుకుంది. ఆ గంటన్నరసేపు ఆవిడ ఎంత హాయిగా పని చేసుకుందో చెప్పలేం. అడిగితే ఒప్పుకోని పిల్లకు అడక్కుండానే మేలు చేశానన్న సంబరం అది.

పది గంటలకు పాల వ్యాన్ డ్రైవరు వచ్చాడు. బండి దిగి ముంజేతులు రుద్దుకుంటున్నాడు.

"ముందు చక్రాలు ఓసారి చూడక్కా. బండి పక్కకి లాగేస్తోంది."

ఆవిడ జాకీ పెట్టి లేపింది. చక్రాన్ని పట్టుకుని ఊపింది, నట్లు చూసింది, గేజి పెట్టి గాలి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"చక్రాల్లో ఏం లేదయ్యా. ఎక్కడ లాగింది?"

"బ్రిడ్జి మీద. ఏం గాలక్కా అది, పక్కనించి వచ్చి గుద్దుతోంది. బండి నిండా పాలున్నాయి కాబట్టి నిలబడింది. తేలిక బండైతే నేనిక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు."

టైర్లక్క చేతిలో గేజి అలాగే ఉండిపోయింది.

"ఎత్తు బండైతే?" అని అడిగింది.

"ఎత్తూ, తేలికా రెండూ అయితే ఇక చెప్పేదేముంది?"

వీధిలో మాత్రం గాలి లేదు. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి అంచు కొద్దిగా కదులుతోంది, అంతే. నది మీద సంగతి వేరు. అక్కడ గాలికి అడ్డం నిలబడేది వంతెన మీద పోయే బండి ఒక్కటే.

ఇది ఆవిడకు తెలియని విషయమైతే ఎవరూ ఏమీ అనలేరు. తెలుసు. వందమందికి తనే చెప్పింది. కిందటేడు ఒక కాలేజీ మేష్టారు తన కారు ఈదుతున్నట్టుగా పోతోందని తీసుకొచ్చాడు. మెత్తగా ఉంటుందని ఆయన గాలి బాగా తగ్గించుకుని తిరుగుతున్నాడు. అప్పుడు ఆయన్ని నిలబెట్టి పాఠం చెప్పింది. "నేల మీద నిలబడ్డ మనిషిని పక్కనించి తోస్తే నిలదొక్కుకుంటాడు మేష్టారూ. అదే పరుపు మీద నిలబడ్డప్పుడు తోస్తే? పాదాలు అక్కడే ఉంటాయి, మనిషి పోతాడు. టైరు పక్కగోడ మెత్తబడితే మీ కారు పరుపు మీద నిలబడ్డట్టే. గాలి తోస్తుంది, మీరు స్టీరింగ్ తిప్పుతారు. మీరు తిప్పింది చక్రానికి అందేసరికి గాలి ఆగిపోతుంది. అప్పుడు మీరు తిప్పిందే మిమ్మల్ని అవతలికి విసిరేస్తుంది. అందులోనూ వెనక టైర్లు మెత్తబడ్డాయా, బండి తోక ఊపుతుంది." మేష్టారు ముచ్చటపడి ఆ మాటలు డైరీలో రాసుకున్నాడు కూడా.

వెనక చక్రాల్లో యాభై నాలుగు ఉండాలి. ముప్పై నాలుగు ఉంది. ఇరవై పాయింట్లు తన చేత్తో తీసింది.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. లోడు ఎక్కించుకుని పావుతక్కువ పదికి బయల్దేరిందని గుమాస్తా చెప్పాడు. ఫ్యాక్టరీ నుంచి వంతెనకు అరగంట. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. ఇంకా అయిదు నిమిషాలుంది. పిల్ల కాస్త తొందరగా తోలితే ఆ అయిదు నిమిషాలు కూడా లేవు.

కోడలికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. తోలేటప్పుడు ఫోను ముట్టుకోనని పిల్లచేత ఒట్టు వేయించుకున్నది తనే. ఆ ఒట్టు ఇంత బుద్ధిగా పాటిస్తుందని అప్పుడు మురిసిపోయింది. మూడోసారి నొక్కబోయి ఆగింది. ఒకవేళ ఎత్తితే? సరిగ్గా వంతెన నడిమధ్యలో, ఒంటిచేత్తో స్టీరింగ్ పట్టుకుని ఎత్తితే? ఎత్తకపోతే ఒక భయం, ఎత్తితే మరో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్ను బొడ్డున దోపుకుంది, తీసింది, మళ్లీ దోపుకుంది. పాల వ్యాన్ డ్రైవరు అడిగేదేదో ఆవిడ చెవిన పడలేదు.

పక్కనే బ్యాటరీ బాబాయ్ షాపు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయనకో చిన్న కారుంది, నేలకు అతుక్కున్నట్టుండే పాతకాలపు కారు. ఆవిడ చిన్న గాలిపంపు చంకన పెట్టుకుని వెళ్లి ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, కారు తియ్యి. బ్రిడ్జి దాకా పోవాలి."

"ఏమైందమ్మాయ్?"

"కోడలి బండి టైర్లలో గాలి లేదు."

"పంక్చరా?"

"కాదు. నేనే తీశాను."

బాబాయ్ ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. తాళాలు తీసుకున్నాడు.

దారి పొడుగునా ఆవిడ పంపును ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది, అలా వంగితే కారు వేగంగా పోతుందేమో అన్నట్టు.

"కాస్త తొక్కు బాబాయ్."

"తొక్కుతూనే ఉన్నా. ఇదీ నేనూ ఒక ఈడువాళ్లం, ఇంతకంటే పరిగెత్తలేం."

మామూలప్పుడైతే ఆ మాటకు ఆవిడ పదిమాటలు అప్పజెప్పేది. ఇప్పుడు కళ్లు ముందుకే ఉన్నాయి. రోడ్డు మీద కొత్త గుంత వచ్చిన ప్రతిసారీ, పిల్ల దీన్ని హాయిగా దాటి ఉంటుంది అనుకునేది. ఆ హాయే ఆవిడ గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటోంది.

వంతెన మొదట్లో గేటు సగం వేసి ఉంది. ఎత్తు బండ్లను పక్కకు ఆపేశారు. ఒక బస్సు, రెండు కంటైనర్ లారీలు, గడ్డి ఎత్తిన ఒక ట్రక్కు. టైర్లక్క కారు పూర్తిగా ఆగకముందే దిగి, ఆ వరస ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచింది. తెల్ల వ్యాను లేదు. లారీ వెనక దాగి ఉందేమోనని అటు కూడా వెళ్లి చూసింది. గాలికి చీర కొంగు ఎగిరి మొహం మీద కొడుతోంది.

గేటు దగ్గర నారింజ రంగు కోటు వేసుకున్న కాపలావాడు ఉన్నాడు.

"తెల్ల వ్యానండీ. ఎత్తుగా ఉంటుంది. పక్కన పరుపు బొమ్మ."

"పరుపు మీద పిల్లి పడుకుని ఉంటుంది, అదేనా?"

"అదే."

"వెళ్లిపోయిందమ్మా. గేటు వేయడానికి కాస్త ముందు. తాగి తోలుతున్నారేమో అనుకున్నాను, అలా ఊగింది."

"దాటిందా?"

"ఆ చివర నాకు కనపడదు కదా."

అవతలి గేటువాళ్లను అడగమని ఆవిడ బతిమాలింది. అతను వైర్‌లెస్ తీసి రెండుసార్లు పిలిచాడు. అందులోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. చిన్న కార్లను మెల్లగా పోనిస్తున్నామని, కావాలంటే వెళ్లి చూసుకోమని అన్నాడు.

వంతెన మీదికి ఎక్కగానే గాలి కారును ఒక్క తోపు తోసింది. నేలబారు కారు, గట్టి టైర్లు కనక ఒక జానెడు జరిగి సర్దుకుంది. బాబాయ్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాడు. టైర్లక్క గాలి పోయే వైపు కమ్మీలనే చూస్తోంది. ఒక్కో కమ్మీ, ఒక్కో స్తంభం. ఎక్కడైనా వంగిందా, విరిగిందా. కింద నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. నీళ్ల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

సగం దూరంలో కమ్మీకి తెల్లగా ఏదో చుట్టుకుని పటపటా కొట్టుకుంటోంది. ఆవిడ బాబాయ్ భుజం పట్టుకుంది. దగ్గరికి పోతే అదొక ప్లాస్టిక్ షీటు. పరుపుకు చుట్టేదో, మరెక్కడిదో. దాని వెనక కమ్మీ నిటారుగానే ఉంది.

ఈ ఒక్కసారికి దాటించు, ఇంకెప్పుడూ ఆ పిల్ల జోలికి పోను. ఎవరికి చెప్పుకుంటోందో ఆవిడకే తెలియదు. పోయిన మొగుడికో, దేవుడికో, వంతెనకో. ఎవరు వింటే వాళ్లే.

అవతలి ఒడ్డున, వంతెన దిగిన వంద గజాలకు వ్యాను కనిపించింది. రోడ్డు దిగి సగం గడ్డిలో, సగం కంకర మీద ఆగి ఉంది. నాలుగు చక్రాల మీదే ఉంది. పసుపు దీపాలు వెలిగి ఆరుతున్నాయి. పక్క తలుపు తీసి, మెట్టు మీద కోడలు కూర్చుని ఉంది.

టైర్లక్క పరిగెత్తలేకపోయింది. మెల్లగా నడిచి వెళ్లి పిల్ల తల తడిమింది, భుజాలు తడిమింది.

"తగిలిందా ఎక్కడైనా?"

"లేదత్తయ్యా."

"కడుపులో?"

"తన్నుతోంది. నాకంటే దానికే ధైర్యం ఎక్కువ."

ఆవిడ అక్కడే కంకర మీద కూలబడిపోయింది. కోడలు మాత్రం నేల చూస్తూ మాట్లాడుతోంది.

"మీ ఫోన్లు చూశాను. మాట్లాడ్డానికి మొహం చెల్లలేదు. బండి నా మాట వినలేదత్తయ్యా. గాలి కొట్టింది, తిప్పాను, ముందు వినలేదు. తరవాత మరీ ఎక్కువ విన్నది. వెనకభాగం పక్క వరసలోకి పోయింది. పక్కనే లారీ ఉంది. దాని చక్రం నట్లు కనపడ్డాయి నాకు, అంత దగ్గరగా." తలెత్తకుండానే వంతెన వైపు చెయ్యి చూపింది. "ఇంతకంటే పెద్ద గాలిలో దాటాను ఈ బ్రిడ్జి. బండి అదే, బ్రిడ్జి అదే. మారింది నేనే. ఒళ్లు మన మాట వినదని మీరు చెబుతూనే ఉన్నారు. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రేపట్నుంచి రానని చెప్పేశాను."

"కాన్పయ్యాక మళ్లీ చూసుకోవచ్చులే" అంది అత్త, ఏదో ఒకటి అనాలి కనక.

"లేదు. ఇంక తోలను. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది."

రెండు నెలలుగా పోరి సాధించలేనిది అడక్కుండానే ఒళ్లో వచ్చి పడింది. గాలి కాస్త తగ్గినట్టుందే అని నాలుగు చక్రాలూ నింపేస్తే సరి, ఎవరికీ తెలియదు. బాబాయ్‌కి తెలుసు, ఆయన చెప్పడు. అప్పుడే ఆయన అటు తిరిగి నది చూస్తున్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసే బుద్ధి మనిషికి ఎంత తొందరగా వస్తుందో ఆవిడకు అప్పుడు తెలిసింది. మానేస్తే మంచిదేగా, పిల్లకే మంచిదిగా అని లోపలి మనిషి గొణుగుతూనే ఉంది.

కోడలు అరచేతులు రెండూ ఒళ్లో తెరుచుకుని, ఎవరివో చూస్తున్నట్టు వాటినే చూస్తోంది. టైర్లక్కకు సిగ్గేసింది.

"నీ చేతులకేం కాలేదు. గాలి నేను తీశాను" అంది.

"ఏ గాలి?"

"టైర్లలో. పొద్దున్నే. నాలుగింటికీ ముప్పై నాలుగు."

కోడలు తలెత్తింది. "వెనక కూడానా?"

"వెనక కూడా."

"ఎందుకు?"

"నిన్న నడుం పట్టుకున్నావు."

దూరంగా గేటు దగ్గర ఆగిన బండ్ల హారన్లు గాలిలో తేలి వస్తున్నాయి.

"నన్నడగాల్సింది" అంది కోడలు.

"అడిగితే వద్దంటావు."

"వద్దంటాననే అడగాలి అత్తయ్యా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది అత్తకు. "చచ్చిపోతానని కూడా అనుకోలేదు నేను. నాకు చేతకాదు అనుకున్నాను. ఇంతసేపూ ఇక్కడ కూర్చుని అదే అనుకుంటున్నాను."

అత్త లేచి పంపు తెచ్చింది. కారు దగ్గరికి తెమ్మని బాబాయ్‌కి సైగ చేసి, వైరు తగిలించి, వెనక చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పంపు చిన్నది, ఒక్కో చక్రానికి చాలాసేపు పట్టింది. మొదటిది నిండాక గేజి తీసేలోపు కోడలు వచ్చి చెయ్యి చాపింది. ఆవిడ గేజి ఇచ్చింది. కోడలు కడుపు పట్టుకుని వంగి, తనే చూసింది. తరవాత రెండోది, మూడోది, నాలుగోది. ప్రతిసారీ అత్త లేచి పక్కకు తప్పుకుంది.

అంతా అయ్యాక కోడలు ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది.

"ఇందాక చెప్పింది వదిలెయ్యండి. రేపు వస్తాను... లేదు, తోలడంలో కాదు, టైర్లలో లోపం."

గుమాస్తా గొంతు పెద్దది. గాలిలో కూడా స్పష్టంగా వినపడింది. "అయితే ముందు మీ అత్తగారికి చూపించమ్మా. ఆవిడ చెయ్యి పడిందంటే ఇక తప్పు జరగదు."

కోడలు అత్త వైపు చూసింది. కళ్లలో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "ఆవిడ ఇక్కడే ఉన్నారు" అని మాత్రం అని ఫోను పెట్టేసింది.

"షాపులకు పరుపులు దింపి, గాలి తగ్గాక సాయంత్రం వస్తాను. మీరు బాబాయ్ కార్లో వెళ్లండి" అంది. సీట్లో కూర్చుని, గేజిని తన చొక్కా జేబులో వేసుకుని, బండి స్టార్ట్ చేసింది. ఆ గేజి ఒకప్పుడు టైర్లక్క భర్త వాడినది, పాతికేళ్లుగా ఆవిడ చెయ్యి దాటి ఎవరి చేతికీ పోనిది. అడిగి తీసుకునే మొహం టైర్లక్కకు ఆ రోజు లేకపోయింది, ఆ తరవాత కూడా లేకపోయింది.